గడువు

కొత్తవాడల చిలువేరు కౌసల్య దుకాణం.
మడిచిన జంపఖానల దొంతర్ల నడుమ
నా లాప్‌టాప్‌కు జానెడు జాగ.
పైస లేకుంట దొరికే లెక్కల ప్రోగ్రాం అది,
ఎవలైనా విప్పి చూడొచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు,
గర్వంగనే చెప్పిన.
"విప్పుడు సంగతి తర్వాత,
దీన్ని తెరుచుడెట్ల?" అన్నది.

మొదటి తెర మీదనే పదకొండు ప్రశ్నలు.
చార్ట్ ఆఫ్ అకౌంట్స్ ఎంచుకోమన్నది.
ఆర్థిక సంవత్సరం ఏ నెలల మొదలన్నది.
డిఫాల్ట్ రిసీవబుల్ ఖాతా లేదని
ఎర్రగ మందలించింది.
ఆమె కండ్లద్దాలు తీసి
కొంగుతోటి తుడిచి మల్ల పెట్టుకున్నది,
తప్పు అద్దాలదేమో అన్నట్టు.

ముప్పై ఏండ్ల లెక్క ఆమెది.
మూలలకు పసుపు అంటిన పొడుగు పుస్తకం,
ఎడమ దిక్కు జమ, కుడి దిక్కు ఖర్చు.
చిట్టాలకెల్లి ఆవర్జాకు ఎక్కించుడు
కండెలు చుట్టుకుంటనే మామ కాడ నేర్చిందట.
బాకీ ఉండంగనే సచ్చిపోయినోల్ల పద్దు మీద
గీత కొట్టదు.
పేజీ మడుస్తది, అంతే.

ఆ రాత్రి హన్మకొండ రూముల
ప్రోగ్రాం పొట్ట విప్పిన.
రిసీవబుల్ కాడ "రావాల్సినయి".
పేయబుల్ కాడ "ఇయ్యాల్సినయి".
లెడ్జర్ కాడ చేతులు ఆగినయి.
ఆవర్జా అన్న మాట మా తాత నోట్లె విని
చిన్నప్పుడు తిట్టనుకున్న.
పదకొండు ప్రశ్నల్ల తొమ్మిది తీసేసిన.
అవి కౌసల్యక్కను అడిగినవి కావు,
రాసినోడు తనను తాను అడుక్కున్నవి.

తెల్లారి హుషారుగ పోయి
"ప్రతి పద్దు రెండు దిక్కుల పడుతదక్కా,
పడుగూ పేకా లెక్క" అన్న.
నవ్వింది.
"పడుగు ఒక్కపారి ఎక్కిస్తం.
పేక కొడుతనే ఉంటం.
రెండూ సమానమెట్లయితయి?
నేసెటోల్ల ముంగట అనకు గీ మాట."
ఆ పోలికను అక్కడనే చెరిపేసిన.

అప్పుడే పరకాల నుంచి ఓదెలు వచ్చిండు.
రెండు పెద్దయి, ఒకటి చిన్నది,
మూడు వేల నాలుగు వందలు, ఉద్దెర.
గడువెప్పుడని అడిగింది ప్రోగ్రాం:
తారీఖు, నెల, సంవత్సరం.
"పత్తి అమ్మినంక" అన్నడు ఓదెలు.
"పత్తి అమ్మినంక" అని ఆమె పుస్తకంల రాసుకున్నది.
నా గడి అంకెలు తప్ప తినది.
ఎనుమాముల మార్కెట్ల రేపు ఏ రేటో
మంచు కురిసిన పత్తికే తెల్వదు,
దీనికేం తెలుసు.

మూలం రాసినాయనకు జాబు పెట్టిన,
గడువు కాడ మాటలు పట్టాలని.
ఏ దేశమో, మనకు పొద్దెక్కితే ఆయనకు రాత్రి.
"పత్తి అమ్మినంక అంటే ఏ తారీఖు?" అన్నడు.
పది రోజులు వాదులాడినం.
పదకొండోనాడు ఒక్క ముక్క వచ్చింది:
"మా తాత పడవలు తిరిగొచ్చినంక అనెటోడు.
గడి మారుస్తున్న."

ఇయ్యాల మొదటిపారి రోజు లెక్క తీసినం.
గల్లపెట్టెల నోట్లు ఆమె లెక్కవెట్టింది,
తెర మీది మొత్తం నేను చదివిన.
పది రూపాయలు తక్కువ.
మల్ల లెక్కవెట్టినం. మల్ల పదే.
పక్క సందుల మగ్గం చప్పుడు ఆగింది,
ఎవరో షట్టరు గుంజుతున్నరు.
"ఆఁ, నీకు తాపిన చాయ్" అన్నది.

ఖర్చుల రాయబోయిన.
"ఆగు. నీ పేరు మీద రాయి, ఉద్దెర."
రాసిన.
గడువెప్పుడని అడిగింది గడి,
ఇప్పుడది మాటలు కూడ తింటది.
ఆమె లాప్‌టాప్‌ను దగ్గరికి గుంజుకొని
ఒక్కొక్క అక్షరం ఎతుక్కుంట కొట్టింది:
గిది అల్కగ అయినంక.