పదో ఆదివారం

రెండు పాచికలు. ఎరుపు బౌలరుది,
తెలుపు బ్యాటు పట్టినవాడిది.
కంచరపాలెంలో, మేడమీది గదిలో,
ఆదివారం పొద్దున్న ఆరింటికి
డెబ్బై ఒకటిని మళ్ళీ మొదలుపెడతాను.

పోర్టులో టాలీ గుమాస్తాని నేను.
వారమంతా బస్తాలు లెక్కపెట్టి
ఐదింటికో అడ్డగీత గీసిన చేతికే
ఆదివారం పరుగులు అప్పగించేవారు.
ఆరు జట్లు, పది ఆదివారాలు.
స్కోరు పుస్తకం ఇంకా నా దగ్గరే ఉంది,
అట్టకి చెదలు, లోపల నా చేతిరాత.

మొదటి రెండు వారాలు పాచికలు బుద్ధిగా ఉన్నాయి.
మూడో వారం మాట వినడం మానేశాయి.
అప్పుడు వాల్తేరు రైల్వే ఓస్వాల్డు
తొంభై రెండు కొట్టాడు, నేనే రాశాను.
ఇప్పుడు రెండో బంతికే పోయాడు.
లేచి మంచినీళ్ళు తాగాను.
ఏమనుకోకు ఓస్వాల్డూ,
ఎరుపు ఐదు, తెలుపు ఒకటి.

నాలుగో వారం అప్పుడు వాయుగుండం.
"ఆట లేదు" అని పేజీకి అడ్డంగా ఉంది.
ఇప్పుడు బయట ఎండ పెళపెళలాడుతున్నా
ఆ వారం పాచికలు ముట్టుకోలేదు.
వానని పాచికలకి వదలకూడదు.

ఆరో వారం గురించి ఎవరికీ చెప్పలేదు.
కాల్టెక్స్ మీద షిప్‌యార్డు ఒక్క పరుగుతో గెలిచింది.
ఆ ఒక్కటీ నాది.
ఛానెల్లో ఓడ కూసింది, తల తిప్పాను,
తిరిగి చూసేసరికి ఇద్దరూ క్రీజుల్లో ఉన్నారు.
రెండా, మూడా? మూడు రాశాను.
ఈసారి కాల్టెక్స్ నలభై పరుగులతో గెలిచింది.
ఊరట కలుగుతుందనుకున్నాను.

ఎనిమిదింటికి పోలమ్మ మెట్లెక్కి వస్తుంది,
చేపల బేసిన్ గుమ్మంలో దించి
ముందు బేరం కాదు, ఆట అడుగుతుంది.
"ఈ వారం ఎవులు బాబూ?"
వాళ్ళ అయ్య నూకరాజు షిప్‌యార్డు పన్నెండోవాడు.
తొమ్మిది వారాలు బిందె మోశాడు.
పుస్తకంలో పేరు తొమ్మిదిచోట్ల ఉంది,
ఒక్కచోటా పక్కన అంకె లేదు.

డిసెంబరు ఐదు.
పేజీకి గీతలు గీసి ఉంచాను, పేర్లు పడలేదు.
అంతకు రెండు రాత్రుల ముందు సముద్రంలో ఏదో పేలి
మంచాల మీద లేచి కూర్చున్నాం.
తెల్లారేసరికి కిటికీలకి నల్లకాగితాలు,
సైకిలు దీపానికి సగం మసి.
ఆట సంగతి అడిగినవాడు లేడు.
కప్పు క్లబ్బు బీరువాలోనే ఉండిపోయింది.

ఇక్కడిదాకా నా పాచికల వెనక
జరిగిందొకటి నీడలా నడిచేది.
ఇప్పుడు మిట్టమధ్యాహ్నం.

షిప్‌యార్డు పదకొండుమందిని నేనే ఎంచాలి.
ఏడో స్థానంలో నూకరాజని రాశాను.
ఆడనివాడికి కార్డు ఎలా చేస్తారు?
బిందె దించేటప్పుడు ఒక్క చుక్క ఒలకనిచ్చేవాడు కాదు,
అదొక్కటే నాకున్న ఆధారం.
రాత్రి రెండు దాటింది అది తయారయ్యేసరికి.

మొదటి బంతి ఆపాడు. రెండోదీ ఆపాడు.
మూడోదానికి ఎరుపు ఆరు, తెలుపు ఒకటి.
బౌల్డు.

మళ్ళీ వేయొచ్చు.
గదిలో ఎవరూ లేరు.
ఛానెల్లో ఓడ కూడా లేదు, నెపం పెట్టడానికి.
సున్నా చుట్టాను.

"మా అయ్య ఆడేడా నేదా?"
"ఆడాడు పోలమ్మా. మూడు బంతులు. సున్నా."
ఒక్క క్షణం చూసి పకపకా నవ్వింది.
"సున్నా అయితే ఏటి, బేటట్టుకుని దిగేడు కదా!"
ఎక్కడుందో చూపించమంది.
చూపించాను.
పులుసువాసన వేసే తడివేలు దానిమీద పెట్టి
కాసేపు తియ్యలేదు.

సిరా కొంచెం అలుక్కుంది.
షిప్‌యార్డుకి ఇంకా ముప్పై ఒకటి కావాలి,
చేతిలో మూడు వికెట్లున్నాయి.
కవ్వళ్ళు కడిగి పెట్టి, సాయంత్రం ఆడతాను.