వాటా

ఒప్పందం నకలు అరవై రెండు పేజీలు.
మంగమారిపేట కమ్యూనిటీ హాల్లో కరెంటు లేదు,
తలుపు వారగా నిలబడి
తెలుగు చేసి చదువుతున్నాను.

"తీరం వెంబడి ఖాళీ స్థలం" అన్నానో లేదో
"ఖాళీయేటి? మరి నా నెత్తళ్ళు
గాల్లో ఎండుతున్నాయా బాబూ?" అంది
చోడిపల్లి బండియ్యమ్మ.

"భాగస్వాములు" దగ్గర ఆగి
ఆమెకు అందేలా "వాటాదార్లు" అన్నాను.
అదే పొరపాటు.

ఇక్కడ వాటా అంటే లెక్కుంది.
తెప్పకొకటి, వలకొకటి, మనిషికొకటి.
తుఫానుకి తిరిగిరాని గురయ్య పేరున
ఇప్పటికీ గుప్పెడు చేపలు పక్కన పడతాయి.

"అయితే మందెంత?"

పేజీలు వెనక్కి తిప్పాను, ముందుకి తిప్పాను.
దొరికింది ఒక్కటే, అనుబంధం నాలుగులో:
"సాయంత్రాలు అతిథుల వినోదార్థం
సంప్రదాయ వల విసురుట."

ముందెవరు నవ్వారో తెలీదు,
తర్వాత హాలంతా నవ్వింది.
ఆ నవ్వుకి నాకు వెన్ను జలదరించింది.

అభ్యంతర పత్రంలో ఏం రాయమంటారు?
తెల్లకాయితం అడుగున
వేలిముద్ర ముందే వేసేసింది బండియ్యమ్మ.

"రాయి.
రేపు తెల్లారగట్ల మూడింటికి
వల లాగడానికి ఆల్లని రమ్మను.
సెయ్యేసినోడికే వాటా."