మచ్చకాయ

శుక్రవారం మధ్యాహ్నం
పొదలకూరు బస్సు దిగి అమ్మ వస్తుంది.
చంకలో గోతం సంచి,
సంచి కంటే ముందు వాసన.
స్టోన్‌హౌస్‌పేటలో మా మెట్లు ఎక్కకముందే
కుర్చీలో కళ్ళు మూసుకున్న వాళ్ళకి
నోట్లో నీళ్ళూరతాయి.

సంచిలో అన్నీ మచ్చకాయలే.
గాలికి ఊగి ముల్లు గీసుకున్నవి,
గజ్జి పట్టినవి,
ఒక చెంప ఎండకి కాలినవి.
ఢిల్లీ లారీ ఎక్కనివి.

నిమ్మకాయల యార్డులో కుప్ప ముందు
గొంతుక్కూర్చుని పద్దెనిమిదేళ్ళు.
పక్కనున్న ఖాదర్‌బీతో మాట్లాడుతూనే,
చూడకుండానే ఏరతాయి అమ్మ వేళ్ళు.
పండుది ఇటు, పచ్చిది అటు,
మచ్చది ఒళ్ళోకి.
పొద్దుగూకాక మేస్త్రీ
ఆ ఒడి వంక చూడకుండా ఉండడానికి
అటు తిరిగి బీడీ ముట్టిస్తాడు.

నా గోడ మీద బోర్డుంది.
శనగపిండి, పెరుగు: నూట యాభై.
మెంతులు నానేసి రుబ్బి తలకి: రెండొందలు.
మొలగొలుకులు కడిగిన నీళ్ళు
సీసాలో పోసి, చీటీ అంటించి,
దానికీ ఒక ధర.
ఆ సీసా ఎత్తి వెలుగులో చూసి
"ఏందిమే ఇది, కుడితా?" అంది అమ్మ
గిరాకీ ముందరే.
నేను నవ్వాను. గిరాకీ నవ్వలేదు.

బెంచీ మీద వరసగా కూర్చున్న మొహాల్ని కూడా
అలవాటుగా ఏరుతుంది.
నా చెవిలో చెప్తుంది:
"ఆ కళ్ళజోడామెకి నిద్ర లేదు.
ఈ పిల్లకి రక్తం లేదు, గోళ్ళు చూడు.
మునగాకు తినమను.
డబ్బాలో పొడి కాదు, ఆకు.
కందిపప్పులో వేసి, రెండు వెల్లుల్లి రేకులు చిదిమి."
బోర్డు మీద మునగాకు లేదు.
దానికి ధర పెట్టడం నాకు చేతకాలేదు.

మూడో వరసలో ఉంది:
మచ్చలకి నిమ్మ.

ఒంగోల్లో ఆరునెలల కోర్సు చేసేటప్పుడు
హైమవతి మేడం బోర్డు మీద రాయించింది:
నిమ్మరసం ఒంటి మీద ఉండగా
ఎండలోకి పోకూడదు.
రసమూ ఎండా కలిస్తే తోలు కములుతుంది.
కమిలిన చోట నలుపు
నెలల తరబడి వదలదు.
అందరూ రాసుకున్నారు.
నేను "నెలల" దాకా రాసి ఆగాను.

అమ్మ ముంజేతుల మీద
మణికట్టు నుంచి మోచేతి దాకా
కారిన ధార కారినట్టే
నల్లటి చారలు.
మురికనుకున్నాను నేను, ఏడేళ్ళప్పుడు.
కొబ్బరిపీచు పెట్టి రుద్దాను.
"చాల్లే, మంట" అంది, చెయ్యి లాక్కోలేదు.
తర్వాత బళ్ళో ఎవరో అడిగితే
నూనె పడి కాలిందని చెప్పాను.
చితికిన కాయల రసం,
రేకుల చూరు దాటొచ్చే ఎండ,
ఏడాదిలో నెలలు పన్నెండే.
నోట్సులో ఆ వాక్యం
ఇప్పటికీ సగమే ఉంది.

ఈ మధ్య ఎవరికి పూసినా
రెండుసార్లు కడిగి, తువ్వాలుతో అద్ది,
ఎండ తగ్గేదాకా కూర్చోమంటున్నాను.
ఒకామె విసుక్కుని వెళ్ళిపోయింది.
పోతే పోయింది.

గిరాకీ తగ్గాక
అమ్మని నా కుర్చీలో కూర్చోబెట్టబోయాను,
మీగడా కాస్త పసుపూ పెడదామని.
"తినేవాటిని నేలపాలు చెయ్యబాక"
అని కింద చాప మీదే చతికిలపడింది.

సరే అని కుండలో మజ్జిగ గిలకొట్టాను,
ఉప్పు, నలిపిన కరివేపాకు.
సంచిలోంచి అన్నిటికన్నా మచ్చదాన్ని
తనే వెతికి ఇచ్చింది.
కోస్తే కత్తి తడిసింది, పీట తడిసింది.
"చూసినావా రసం!
నిగనిగలాడే కాయకి తోలే మందం."

రెండు చేతులా చెంబెత్తి తాగింది.
పెదవి పక్కనుంచి ఒక చుక్క
గడ్డం మీదకి, అక్కణ్ణుంచి
ముంజేతి మీదకి జారి
పాత చారలోనే పడింది,
దారి తెలిసినట్టు.

బయట రోడ్డు తెల్లగా కాలుతోంది.
మూడున్నర బస్సుకి లేచింది.
"ఆగమ్మా" అన్నాను,
తువ్వాలు తడిపి
ఆ చెయ్యి పట్టుకుని.