ఇరవై మూడో ప్రశ్న

కాయితం ఇంగ్లీషులో పుట్టింది.
హైదరాబాదులో ఒకరు తెలుగు చేశారు.
ఇంకో ఊళ్లో ఇంకొకరు దాన్ని మళ్లీ ఇంగ్లీషు చేశారు.
రెండూ పక్కపక్కన పెట్టి
సరిపోయింది అన్నారు.
సరిపోయిందో లేదో
వరంగల్ పెద్దాసుపత్రిలో, కిటికీ రెక్క ఊడిన నా గదిలో
ఓదెలు ముందు పెట్టినప్పుడు తెలిసింది.

ఎనుమాముల యార్డులో ఇరవై ఆరేళ్ల హమాలీ.
మాఘంలో ఓ పొద్దున మిర్చి బస్తా వీపుకెక్కుతుండగా
కుడి చెయ్యి జారింది, దాని వెంటే మాట.
చెయ్యి సగం తిరిగొచ్చింది.
మాటల్లో "అగో" ఒక్కటే వచ్చింది.
ఆకలికి అగో. కోపానికి అగో.
మనవరాలు తలుపు తీస్తే ఇంకో అగో, కొంచెం పొడుగ్గా.

"గత వారంలో మీరు..." అని మొదలుపెట్టాను.
వెనక్కి తిరిగి చూశాడు, ఎవరొచ్చారా అని.
అడ్తి సేటు అనలేదు, కాంటా రాసే పిలగాడూ అనలేదు
ఆయన్ని ఎన్నడూ మీరు అని.
పెన్సిలుతో కొట్టేసి "నువ్వు" అని రాశాను.

ఫోనులో మాట్లాడటం ఎంత కష్టం?
"ఫోను నాది బిడ్డా, ఆయనకెన్నడున్నది?" అంది కొమురవ్వ.
చిరాకు కలుగుతోందా?
"ఈగలు ముసిరితె చిరాకు. ఇది గది కాదు.
తెల్సిన మాటే నోట్లెకు అస్తది, పండ్ల ఎన్క నిలవడ్తది.
కక్కరాదు, మింగరాదు."
గడి వెడల్పు రెండంగుళాలు. ఎలా పట్టిస్తాను?

మాట పడిపోయింది అని
ఎన్ని కేసు షీట్లలో రాశానో!
పడితే ఎక్కడో ఉండాలి కదా,
బస్తా చిరిగి రాలిన కాయల్లాగా, సాయంత్రం ఊడ్చేవాళ్లు ఏరుకునేలాగా.
ఇరవై ఆరేళ్లూ మాటలు పడ్డాడు,
ఒక్కటీ తిరిగి అనలేదట.
ఇప్పుడు అనాలని ఉందేమో.
ఆ ప్రశ్న కాయితంలో లేదు.

ఇరవై మూడు. ఇంటివాళ్లకు భారమయ్యానని అనిపించిందా?
భారం తెలియదేమోనని "బరువు" అన్నాను.
ముఖం విచ్చుకుంది.
ఎడమ చేత్తో మెడ వెనుక తట్టి చూపాడు,
చెప్పు అడుగులా గట్టిపడ్డ చర్మం.
నాలుగు వేళ్లు, ఆపైన పిడికిలి.
నలభై. కిలోలు.
"అగో," అన్నాడు, నేను సరిగ్గా చూడలేదేమోనని.

మళ్లీ అడిగాను.
ఆయన్ని చూపి, కొమురవ్వను చూపి,
నా భుజం కుంగదీసి నటించాను. నటిస్తుంటే సిగ్గేసింది.
అర్థమైంది ఆయనకు.
కొమురవ్వ కొంగు నోటికడ్డం పెట్టుకుని
గోడ మీది క్యాలెండర్ చూస్తోంది.

ఎడమ చేత్తో పెన్ను అందుకున్నాడు.
"అస్సలు లేదు" నుంచి "ఎప్పుడూ" దాకా ఐదు గడులు.
ఏదీ ముట్టుకోలేదు.
అంచున తెల్ల జాగాలో నిలువు గీత. ఇంకోటి. ఇంకోటి.
నాలుగోది వంకరపోయింది.
ఐదోది వాటన్నిటి మీదా అడ్డంగా.
హమాలీ లెక్క, ఐదు బస్తాలు.
పక్కన మళ్లీ మొదలుపెట్టాడు.

"ఏం గీస్తున్నాడు?"
"మోసినయి," అంది కొమురవ్వ.
కాసేపాగి, "మొయ్యవల్సినయేమో."

సోమవారం హైదరాబాదుకు రాశాను:
"మీరు" తీసేయండి.
ఫోను బదులు, హోటల్లో సగం చాయ్ అడగగలవా అని పెట్టండి.
ఇరవై మూడుకు ఎన్ని మార్కులో చెప్పండి,
కాయితం జత చేశాను.

బయట బెంచీ మీద నర్సంపేట వైపు తండా నుంచి ఒకామె,
ఆమె పక్కన మండీబజారు దర్జీ, ఉర్దూ మనిషి.
ఇద్దరి చేతుల్లోనూ టోకెన్లు.
నా దగ్గరున్నవి తెలుగు కాయితాలే,
అవీ పెన్సిలు కొట్టివేతలతో.