పది సెకన్ల గుమ్మం

హియుమా దీవి, ఓడరేవు ఆఫీసు.
ఉన్నది ఒక్క కంప్యూటరు, కూర్చునేవాళ్లు ఇద్దరు.
పగలు హెల్వె. విండోస్‌లో టికెట్ల లెక్కలు,
కార్లెన్ని ఎక్కాయి, లారీలెన్ని దిగాయి.
రాత్రి ఇల్మార్. లినక్స్‌లో సముద్రం మీది మంచు మందం,
గంటకో కొలత, పదకొండు శీతాకాలాలుగా.
ఒకరి కుర్చీ వెచ్చదనం ఇంకొకరికి తెలీదు.
మధ్యలో ఊడ్చే ఆమె వచ్చి
కిటికీ తెరిచి పెడుతుంది.

మంగళవారం రాత్రి
అప్‌డేట్ ఒకటి అడక్కుండా వచ్చి
అడక్కుండా సర్దేసి వెళ్లింది.
మీట నొక్కితే తిన్నగా విండోస్.
రెండు పేర్లు చూపించి ఏది కావాలని అడిగే
ఆ నల్ల తెర లేదు.

"నా పదకొండేళ్లు తుడిచేసింది" అన్నాడు ఇల్మార్ ఫోన్లో.
ఆ మాటలో ఆమె ఉందో, అది ఉందో
తేలలేదు. నేనూ తేల్చలేదు.
కార్డ్లాలో మొదటి బస్సెక్కాను,
జేబులో పెన్‌డ్రైవ్, ఒళ్లో సగం తిన్న రై రొట్టె.

ముందు డిస్కు మీద గదులు లెక్కపెట్టాను.
ఒకటి, రెండు, మూడు...
నాలుగోది ఉంది. నిండుగా ఉంది.
"ఇల్లు కాలలేదు" అన్నాను,
"వీధి మొగలో పలక పీకేశారు, అంతే."
అతను నవ్వలేదు. చేతి తొడుగులు తీయలేదు.
దింపుడు కళ్లం ఆశతో నిలబడ్డవాడికి
ఉపమానాలు ఎక్కవు.

పెన్‌డ్రైవ్ నుంచి యంత్రాన్ని లేపి,
నిద్రపోతున్న గదిని తెచ్చి తగిలించి,
లోపలికి దూరి గడియ పెట్టుకుని
గ్రబ్‌ని మళ్లీ నాటాను.
ఎర్రర్ లేదు. అదే నా అనుమానం.
రీస్టార్ట్.

నల్ల తెర వచ్చింది.
తెల్లటి అక్షరాల్లో లినక్స్.
కింద దాని పాత కెర్నెల్.
విండోస్ లేదు.

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని హెల్వె,
కనురెప్పల మీద మంచుతో.
ఏడున్నర పడవకి జనం లైన్లో ఉన్నారు.
తెరని చూసింది, నన్ను చూసింది, అతన్ని చూసింది.
"అయితే ఇప్పుడు తుడిచేసింది నన్నా?"

అతని తలుపు పెడుతూ ఆమె తలుపు గోడ చేశాను.
పక్క గదిలో ఎవరున్నారో వెతకడం
గ్రబ్ ఈమధ్య మానేసింది.
ముందుజాగ్రత్తట.
వెతుకు అని ఒక లైను రాసి చెప్పాలి దానికి.
నేను రాస్తుంటే ఇద్దరూ నా వెనకే,
భుజానికి భుజం జానెడు దూరంలో.
"ఆ ఫ్లాస్కు నీదేనా, మూత ఎప్పుడూ సరిగా పెట్టవు?"
"కుర్చీని అంత కిందికి దింపేది నువ్వా?"
పదకొండేళ్ల దావా
నిమిషంలో విచారణకొచ్చింది.

రీస్టార్ట్.
ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు.
ఇమిడాయి, ఒకదాని కింద ఒకటి.
అడుగున పది, తొమ్మిది, ఎనిమిది...
ఎవరూ మీట నొక్కలేదు.

"ఈ లెక్క కాస్త పెంచొచ్చా?" అడిగాడు ఇల్మార్.
"ఎందుకు?"
"చదువుకోవడానికి."
ఉన్నవి నాలుగు ముక్కలు. చదవడానికేముంది?
హెల్వె కిటికీ వైపు తిరిగి
"ముప్పై పెట్టు" అంది.

బయట ఏడున్నర పడవ
రెండోసారి హారన్ కొట్టింది.