మూడు బైట్లు, ఒక ముసలమ్మ

పొద్దున్నే ఆఫీసు నుంచి మెసేజొచ్చింది:
రాష్ట్రపతి ఎన్నిక. పబ్లిక్ ఒపీనియన్.
మూడు బైట్లు కావాలె, అండ్ల ఒక ముసలమ్మ ఉండాలె,
పదకొండు లోపల పంపాలె.

మక్తల్ బస్టాండు ముంగట
మొగులప్ప మిర్చీబండి కాడ నిలబడ్డ.
కండక్టరు ‘డ్యూటీల ఉన్న, వద్దన్నా’ అన్నడు.
ఎరువుల దుకాణం పిలగాడు ముందుగాల దువ్వెన తీసిండు,
తల దువ్వినంక అడిగిండు:
‘ఎవరు గెలుస్తరని చెప్పాల్నన్నా?’

ముసలమ్మ దొరికింది. పేరు తిప్పమ్మ.
కందిబేడల మూట మీద కూసోని
రాయచూరు బస్సుకు ఎదురు చూస్తున్నది.

‘అవ్వా, రాష్ట్రపతి ఎవరైతే మంచిది?’
‘అండ్ల నాకు ఓటున్నదా?’
లేదన్న.
‘లేనిదానికి నన్నెందుకు అడుగుతున్నవ్ మరి?’

చెప్పిన, నాకు తెలిసినకాడికి.
ఎమ్మెల్యేలు ఏస్తరవ్వా.
మన ఎమ్మెల్యే ఏసేది ఒక్క ఓటే గానీ
దాని ఇలువ నూట ముప్పై రెండు.
డెబ్బయొకటిల మందిని లెక్కబెట్టిండ్రు గదా,
ఆ లెక్కనే ఇంకా నడుస్తున్నది.

‘డెబ్బయొకటా? పెద్ద కరువుకు ముందటేడా?’
నోట్లె ఆకు ఒక పక్కకు నెట్టి నవ్వింది.
‘అప్పుడు నేను ఊర్లె లేనే.’

పైఠణ్ కాడ కట్ట పోస్తుండ్రట.
ఇండ్లకు తాళాలు, ఊరికి సగం తాళం.
డేరాల కాడికి బుక్కు పట్టుకోని ఒకాయన వస్తే
మందితో మాట్లాడలే, గుంపు మేస్త్రినే అడిగిండట.
మేస్త్రి కంట్రాక్టరుకు అరవై అని చెప్పి కూలి తీసుకునెటోడు,
బుక్కాయనకు నలభై అన్నడు.
‘మేముంటిమి యాభై ముగ్గురం,
నా కడుపుల ఉన్నదాన్ని ఇడిసిపెట్టి.
లెక్కంటే గదే బిడ్డా,
అడిగెటోని మొకం చూసి చెప్పేది.’

కెమెరా తిరుగుతనే ఉన్నది. నేను ఆపలే.

‘మొన్న పెద్ద ఓట్లప్పుడు వారంల ముగ్గురొచ్చిండ్రు.
మొదటోడు ఎండకు సొమ్మసిల్లేటట్టున్నడు.
చెంబెడు నీళ్లిచ్చి
వాడు ఏది ఇనాల్నని వచ్చిండో గదే చెప్పిన, పోనీ పాపమని.
రెండో పిల్ల నా పేరడగలే,
దానికి తెల్వదన్న.
మూడోడు ముందుగాల్నే రాసుకోని
తర్వాత అడిగిండు.’

ఏస్తివి గదవ్వా, దేనికేస్తివి అన్న.
ఉత్తగనే అన్న, అలవాటుగ.
నా దిక్కు చూసింది, కెమెరా దిక్కు గాదు.
‘పెనిమిటికే చెప్పలే’ అన్నది.

స్టూడియోల సూటేసుకున్నాయన ఒక మాటంటడు,
మూడు శాతం అటో ఇటో కావొచ్చు అని.
ఎప్పుడూ మెల్లగ అంటడు,
మందు సీసా మీది చిన్నచ్చరాల లెక్క.
నాకు ఇవ్వాళ ఆ మూడు శాతం కండ్లబడ్డది.
తాళమేసిన ఇండ్లు,
యాభై మూడుల నలభై పోంగ మిగిలిన పదముగ్గురు,
పేరడగకుంటే తెల్వదన్న ముసలామె.

బస్సొచ్చింది. మూట నెత్తిమీదికి నేనే ఎత్తిన.
మెట్టు మీద కాలు పెట్టి, ఎనకకు మళ్లకుంటనే
‘ఎవడైతే ఏంది నాయినా, మంచోడు కావాలె’ అన్నది.

పంతొమ్మిది నిమిషాల్ల ఆరు సెకండ్లొచ్చినయి టీవీల.
గదే ముక్క.
కింద పేరు: తిప్పమ్మ, గృహిణి.
యాభై ఏండ్లు తట్ట మోసిన మనిషి.
వెనుక మ్యూజికేసిండ్రు,
నాలుగు డబ్బాల్ల నలుగురు పెద్దమనుషులు తలకాయలూపి
గ్రామీణ ఓటరు మనోగతం ఇదే అన్నరు.
దువ్వుకున్న పిలగాడు నాలుగు సెకండ్లొచ్చిండు, మంచిగనే.

నా పైసలు ఇంకా రాలే.
కార్డు నిండింది, కొత్త పనికి ఖాళీ చెయ్యాలె.
రెండుసార్లు బటన్ మీద ఏలు పెట్టి తీసిన.

వారం దినాలకు మళ్ల గదే బండి కాడ కలిసింది,
ఈసారి మూట లేదు, ఉత్త సంచి.
‘టీవీల ఒచ్చిందా?’
ఒచ్చిందవ్వా.
మిర్చి తుంచి సగం నా చేతిల పెట్టింది,
ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంట అడిగింది:

‘ఏమన్న నేను?’