దిష్టిచుక్క

పగలంతా ఊరివాళ్ళకి పళ్ళు చేస్తాను.
మైనం కరిగించి, అచ్చు పోసి,
ఎవరి నవ్వుకో ఒక దంతం అతికించి పంపిస్తాను.
రాత్రి అదే బల్ల మీద, అదే దీపం కింద
తూనీగని చేస్తాను.

మూడు గ్రాములు దాటకూడదన్నాడు ఒక్తావ్.
గనిలో ముప్పై ఏళ్ళు లిఫ్టు నడిపినవాడు,
బరువు సంగతి అతనికంటే ఎవరికి తెలుస్తుంది?
చిటికెడు పంచదార పోసి చూపించాడు నా వంటింటి తక్కెట్లో.
ముల్లు కదలనేలేదు.
నవ్వుకున్నాం.
ఆ తర్వాత మూడు నెలలు నవ్వలేదు.

కార్బన్ పుల్లని
చీపురుపుల్లలో నాలుగోవంతుకి చీల్చి,
దాని మీద ఉల్లిపొరలాంటి ఫిల్ము సాగదీసి
పళ్ళ జిగురుతోనే అంటించాను.
మోటారు చెవిదుద్దంత. బ్యాటరీ చింతగింజంత.
గేర్లు ఒక్తావ్ నాన్న చేతిగడియారంలోవి.
అది ఆగి ఇరవై ఏళ్ళు,
ఒక్క పన్నూ ఊడలేదు దానికి,
నా దగ్గరికి వచ్చేవాళ్ళలా కాదు.

స్విచ్చి నొక్కితే రెక్కలు కొట్టుకున్నాయి. ఎగరలేదు.
గిరగిరా తిరిగి నా కాఫీలో పడింది మొదటిది.
రెండోది లేచింది, నిజమే, జానెడు.
అంతలో రెక్క కొసలు
చలిజ్వరం వచ్చినవాడి దవడల్లా టకటకలాడి
పొర చిరిగింది.
ఏడోదాకా లెక్క రాశాను,
తర్వాత రాయడం మానేశాను.

గని పేలుళ్ళు ఒక్తావ్ ఎడమచెవిని తినేశాయి.
అందుకని వేలితో వింటాడు.
నడుస్తున్న మోటారుకి గోరు ఆనించి
కళ్ళు మూసుకుని చెప్పాడు:
"లోపం గుండెలో లేదు స్మరాండా, కొసలో ఉంది."
కొసలో ఏముంది? ఏమీ లేదు.
ఏమీ లేకపోవడమే లోపమని
అప్పుడు నాకేం తెలుసు?

ఆగస్టులో, కిటికీ గట్టు మీద
చచ్చిన తూనీగ దొరికింది. అసలుది.
చీమలు కళ్ళు తినేశాయి, రెక్కల జోలికి పోలేదు.
పంటిపగుళ్ళు వెతికే భూతద్దం కింద పెట్టాను.
నరాల అల్లిక. మధ్యన గాజుగదులు,
ఏ రెండు గదులకీ పొంతన లేదు,
తాగి కట్టిన ఇల్లులా ఉంది, ఐనా కూలలేదు.
అప్పుడు కనిపించింది
కొసకి కాస్త ఇవతల, ముందంచున,
సగం నువ్వుగింజంత నల్లమచ్చ.
నాలుగు రెక్కలకీ నాలుగు.

మా లోయలో బిడ్డ మణికట్టుకి ఎర్రదారం కడతాం
చెడుచూపు తగలకుండా.
ఓడల మీద తిరిగిన ఒకాయన,
నోటినిండా అచ్చుమైనంతోనే, చెప్పాడొకసారి,
కాకినాడ అనే రేవులో తల్లులు
బిడ్డ బుగ్గన కాటుకచుక్క పెడతారని.
వినపడీ వినపడనట్టు తలూపాను.
అది ఇక్కడ పనికొస్తుందని ఎవరనుకున్నారు!

నా మేనకోడలు యూస్తీనా గోళ్ళరంగు, నలుపు.
సూదిమొనతో రెక్కకొక చుక్క.
బరువు పెంచితే ఎగురుతుందా అని గొణిగాడు ఒక్తావ్.
గోరు ఆనించాడు.
గొణుగుడు ఆపాడు.

ఆదివారం ఉప్పుగనిలోకి దిగాం.
కింద గాలి ఉంటుంది, కదలదు.
గోడలు తెలుపూ బూడిదా చారలు,
పడుకున్న జంతువు పక్కటెముకల్లా.
అరచేతిలోంచి వదిలాను.
చప్పుడు, ఎవరో పుస్తకం పేజీలు
ఆపకుండా తిప్పేస్తున్నట్టు.
పదకొండు సెకన్లు. ఇరవై.
వెనక్కి తిరగమన్నాను, వినలేదు.
దీపాలు దాటి, చీకటి చూరు దగ్గర
ఉప్పు అరుగు మీద వాలింది.
నలభై ఒకటి.

ఒక్తావ్ మెడ రిక్కించి చాలాసేపు చూశాడు.
"అంత ఎత్తుకి నా లిఫ్టు ఎప్పుడూ వెళ్ళలేదు."

ఉప్పు దేన్నీ కుళ్ళనివ్వదంటారు.
ఉండనీ అక్కడే.
సోమవారానికి మూడు పళ్ళు ఇవ్వాలి నేను.
నల్లరంగు సీసాలో
ఇంకా సగముంది.